కప్ప గొంతు కింద సంచి

ఒకప్పుడు కప్పకి గొంతు కింద సంచి ఉండేది కాదు. గొంతు కూడా అంతంత మాత్రమే. నీళ్లలో పుట్టి, నీళ్లలో పెరిగి, నీళ్లలోనే కబుర్లాడుకునే జాతి కదా! నీళ్లలో గుసగుసలాడినా అవతలి ఒడ్డుకి వినిపిస్తుంది. ఇక అరవాల్సిన అవసరమేముంది?

ఓ రాతిగుట్ట మీద చిన్న నీటిగుంట. అందులో చెలమయ్య అనే కప్ప, అతని భార్య నాచమ్మ కాపురముండేవాళ్లు. నడివేసవిలో పడిన ఒక్క వానకి గుంట నిండింది. గుంటనిండా పిల్లలు పుట్టారు. ఆ తర్వాత చినుకు లేదు. ఎండలకి గుంట రోజురోజుకీ ఇంకిపోసాగింది. పెద్దవాళ్లయితే ఎటైనా గెంతి పోగలరు. పిల్లలకి ఇంకా కాళ్లు రాలేదు, తోకలే ఉన్నాయి. నీళ్లు పోతే వాళ్ల ప్రాణాలూ పోతాయి.

ఆ రోజుల్లో తొలకరి మబ్బుకి ఒక పద్ధతి ఉండేది. వచ్చి గుట్ట మీద ఆగేది. నీళ్లు కావాల్సినవాళ్లు అందరి ఎదుటా నిలబడి అడగాలి. మాట వినిపిస్తే కురిసేది. వినిపించకపోతే సాగిపోయేది. మళ్లీ ఏడాదిదాకా ఇటు తొంగిచూసేది కాదు.

"నువ్వే అడగాలయ్యా" అంది నాచమ్మ.

నలుగురి ముందు నోరు విప్పాలంటే చెలమయ్యకి హడలు. అయినా సరేనని ఇంత పొడుగు ప్రసంగం తయారు చేసుకుని, తిండి మానేసి బట్టీపట్టాడు.

మబ్బు రానే వచ్చింది. నెమలి అడిగింది, అడవికి వాన దక్కింది. గేదె అడిగింది, మడుగుకి దక్కింది. చెలమయ్య వంతు వచ్చింది.

రాయెక్కి చూస్తే ఎటుచూసినా కళ్లే! నాలుక పిడచకట్టుకుపోయింది. "ఓ గగనవిహారీ, లోకోపకారీ, నల్లని మేని దొరా..." అంటూ గుక్క తిప్పుకోకుండా గొణిగేశాడు. నీళ్లలో మాట్లాడినట్టే మాట్లాడాడు పాపం.

"ఎక్కడో దోమ జుయ్యిమంటున్నట్టుందే" అంది మబ్బు. అందరూ గొల్లున నవ్వారు. మబ్బు కదిలింది.

అయ్యో! చెలమయ్య నోరు బార్లా తెరిచి అరిచాడు. గొంతు కీచుమని మధ్యలోనే తెగిపోయింది. నవ్వులు రెట్టింపయ్యాయి. మబ్బు అంచు గుట్ట దాటిపోతోంది. వెనక గుంటలో పిల్లల తోకలు బురదకి అంటుకుపోతున్నాయి. చెలమయ్యకి ఏడుపు ముంచుకొచ్చింది.

"ఎందుకయ్యా ఆ గాభరా?" అంది గుంటలోంచి నాచమ్మ. "లోతుకి మునిగేముందు ఏం చేస్తావు? నోరు మూసి గాలి నింపుకోవూ? ఇప్పుడూ అదే చెయ్యి. నవ్వేవాళ్లని చూడకు, మబ్బుని చూడు. ఆ పొగడ్తలు వదిలేసి మనకేం కావాలో అడుగు!"

చెలమయ్య నోరు మూశాడు. గాలి నింపాడు. ఇంకా నింపాడు. గొంతు కింద చర్మం బుడగలా ఉబ్బింది. భయం మాత్రం రవ్వంత తగ్గలేదు. ఆ భయంతోనే పొట్టలోంచి ఒక్క మాట వదిలాడు.

"నీళ్లు!"

గుట్ట దద్దరిల్లింది. చెలమయ్యే ఉలిక్కిపడ్డాడు. నవ్వులు ఠక్కున ఆగాయి.

రెండో మాట వెంటనే అనేద్దామంటే ఊపిరి లేదు. ఆగి, మళ్లీ నింపుకోవాల్సి వచ్చింది. ఏమంటాడోనని ఆ కాస్తసేపూ అందరూ చెవులొగ్గారు.

"పిల్లలకి!" ఆగాడు. నింపుకున్నాడు. "నీళ్లు!"

మబ్బు ఆగింది. "ఎవరయ్యా అది, ఏనుగా?" అంటూ వంగి చూసింది. రాయి మీద పిడికెడు కప్ప, తలకాయంత గొంతేసుకుని వణికిపోతోంది. మబ్బు నవ్వలేదు. గుంటలోని పిల్లల్ని చూసింది. ఫెళఫెళా ఉరిమి, కుండపోతగా కురిసింది. బురదలోంచి తోకలు ఒక్కొక్కటే ఊడొచ్చి నీళ్లలో ఆడాయి. నాచమ్మ ఏడుస్తూ నవ్వింది.

చెలమయ్య మాత్రం అరుపు ఆపలేదు. ఆపితే మబ్బు వెళ్లిపోతుందేమోనని భయం.

అప్పటినుంచే కప్ప నోరు మూసుకుని, గొంతు కింద సంచి ఉబ్బించి, ఆగి ఆగి అరుస్తుంది. వాన పడుతున్నా అరుస్తూనే ఉంటుంది. మీ అడుగుల చప్పుడు వినిపిస్తే మాత్రం ఠక్కున ఆపేస్తుంది. నలుగురి ముందు భయం ఇంకా పోలేదు మరి. కాసేపు ఊరుకుని, ఊపిరి నింపుకుని, మళ్లీ మొదలుపెడుతుంది. పిల్లలింకా నీళ్లలోనే ఉన్నారు కదా!