చీకులు యాడ బాగుంటాయి

ఆదోనిలో మాంసం ముక్కలు చువ్వలకు గుచ్చి కాల్చి అమ్మే చీకుల బండ్లలో ఇమాంవలి తిరగనిది లేదు.

భార్య జైబున్‌కు కడుపులో గడ్డ. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు. గంజి నీళ్లు కూడా సయించని ఆ మనిషి ఒక పొద్దున, "చీకులు తినాలనుండాది. మనం పెళ్లైన కొత్తలో తినేవాళ్లమే, అట్లాంటివి" అంది. ఇమాంవలికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

అప్పట్లో వాళ్లు తిన్న బండి ఎప్పుడో పోయింది. అందుకని సాయంత్రమైతే చాలు, ఊరి మీద పడేవాడు. బస్టాండు దగ్గర ఒకచోట, పత్తి మార్కెట్టు వెనక ఒకచోట, రైలుగేటు అవతల ఇంకోచోట. పొగలు కక్కే పొట్లం తెచ్చి ముందు పెడితే, ఆమె ముక్కను నాలుకకు తగిలించి "ఇవి కావు" అని గోడవైపు తిరిగేది. అతను నిలువుకాళ్ల మీదే మళ్లీ బయటికి పరుగెత్తేవాడు.

చివరికి అన్ని బండ్లూ అయిపోయాయి. వయసులో ఉన్నప్పుడు తనను శిష్యుడిగా చేర్చుకున్న ఖలందర్ బాబా దగ్గరికి పోయి కూలబడ్డాడు.

"హజ్రత్, మీరు ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినారు. మంచి చీకులు యాడ దొరుకుతాయో చెప్పండి. ఆ ఒక్క ముక్క కూడా పెట్టలేకుండా ఆమెను మట్టికి పంపల్లనా?"

ముసలాయన చేతికర్ర అందుకుని లేచాడు. ఇమాంవలి ఇంటి సందు మొదట్లో ఉన్న బండి దగ్గరే ఆగాడు.

"ఇక్కడొద్దు హజ్రత్. వీడు మాడ్చేస్తాడు. మొదటిరోజే తెచ్చి చూసినా."

బాబా వినిపించుకోలేదు. పొట్లం కట్టించుకుని ఇంట్లోకి నడిచాడు. ఇమాంవలిని భుజం పట్టి జైబున్ మంచం అంచున కూర్చోబెట్టాడు. పొట్లం విప్పి, ఒక ముక్క తీసి అతని చేతిలోనే పెట్టాడు.

"తిను."

"నేనా? నాకు ముద్ద దిగి ఎన్నాళ్లయిందో హజ్రత్."

"తిను, ఇమాం."

నోట్లో వేసుకున్నాడు. ఎంత నమిలినా గొంతు దిగలేదు. కళ్లల్లోంచి నీళ్లు కారి గడ్డంలోకి జారాయి.

గోడవైపున్న జైబున్ మెల్లగా ఇటు ఒత్తిగిల్లింది. మొగుడి ముఖం వైపు చాలాసేపు చూసింది.

"ఎట్లుండాది?"

"మాడింది. కారం కూడా ఎక్కువే."

"నీకు మొదట్నుంచీ కారం పడదు కదా. ఉల్లిగడ్డ నంజుకో."

అతను ఉల్లిముక్క కొరికాడు. ఆమె చూస్తూనే ఉంది. మంచం మీద వేళ్లు కొంచెం కొంచెంగా జరుపుకుంటూ వచ్చి అతని చొక్కా కొస పట్టుకుంది. తను మాత్రం ఏమీ తినలేదు. ఎవరూ తినమని అడగలేదు.

బాబా గడప దాటుతున్నాడు. ఇమాంవలి కూర్చున్నచోటి నుంచే గొంతు తగ్గించి అడిగాడు.

"రేపు యాడికి పోవల్ల హజ్రత్?"

ముసలాయన వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"యాడికీ పోవద్దు."