తీగ లేని పెట్టె

గురువారం పొద్దెక్కాక మౌలాలి గూట్లోంచి పెట్టె తీసి బొత్తాం నొక్కాడు. పలకలేదు. ఈసారి వేలు ఎత్తకుండా అదిమి పట్టుకున్నాడు. ఎప్పుడూ మొదట టుంగుమని ఒక చిన్న శబ్దం వచ్చేది. అదీ రాలేదు.

సాయంత్రానికి గట్టు మీదికి జనం వస్తారు. తాత మాట వాళ్ళకు అందాలంటే ఆ పెట్టె పలకాలి. అది పలకకపోతే ఇక్కడ తనతో ఎవరికి పని?

తాతంటే జమాల్ షా. పెన్న ఒడ్డున, ఊరికి ఎడంగా ఉన్న ఆ రాళ్ళగట్టు మీద రేకుల కప్పు కింద ఉండే ఫకీరు. ఆయన దగ్గరికి సాయిబులూ వస్తారు, సంసారాలతో విసిగిన రెడ్లూ వస్తారు, పూలమ్ముకునే ఓబులమ్మా వస్తుంది. అందరికీ ఆయన తాతే. పెద్దపెద్ద బోధలు చేయరు. కష్టసుఖాలు అడుగుతారు, ఏదో ఒక ముచ్చట చెబుతారు, టీ తాగించి పంపిస్తారు. ఆమధ్య గొంతుకు జబ్బు చేసి మాట బాగా సన్నబడింది. మూడో వరస దాటితే వినిపించదు.

మౌలాలి బతుకంతా మైకు సెట్టు వెనకే గడిచింది. ఎవరి పెళ్ళయినా పందిరి చివర, జనరేటరు పక్కన, వైర్ల మధ్య కూర్చునేవాడు. పెళ్ళికొడుకు మొహం చూడకుండానే ముగిసిన పెళ్ళిళ్ళు బోలెడు. అయితేనేం, ఎంత పొద్దుపోయి ఇల్లు చేరినా "తిన్నావా" అని అడగడానికి భార్య ఖైరున్ ఉండేది. పిల్లలు లేరు. ఖైరున్ పోయాక ఆ మాట అడిగే దిక్కు లేకపోయింది. ఇంట్లో ఉండలేక, తాళం వేసి గట్టు మీదికి వచ్చేశాడు.

వచ్చాడు గానీ, ఇక్కడ తానేం చేయాలో తెలియలేదు. వంటకు మనుషులున్నారు, ఊడ్చడానికి ఉన్నారు. తాత గొంతు సన్నబడినప్పుడు మాత్రం, పాపం, మౌలాలికి లోలోపల కాస్త సంతోషం కలిగింది. తనకు తెలిసిన పని అదొక్కటే మరి. పాత ఆంప్లిఫయర్ అమ్మేసి, తీగల గొడవ లేకుండా గాలిలోనే మాట అందుకునే ఈ చిన్న స్పీకరు పెట్టెనూ, కాలరుకు తగిలించే బుల్లి మైకునూ కొనుక్కొచ్చాడు. ముందు వరసలవాళ్ళకు తాత మాట ఎలాగూ అందుతుంది. అందుకని పెట్టెను వెనక గోడ గూట్లో పెట్టి, దాని కింద గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాడు.

అప్పటినుంచి అదే అతని చోటు. గురువారాలు తాత కాలరుకు మైకు తగిలించేటప్పుడు తప్ప ఆయన దగ్గరికి వెళ్ళేవాడు కాదు. అప్పుడూ తల ఎత్తేవాడు కాదు. జనం అతణ్ణి మైకూ అనే పిలిచేవాళ్ళు. "మైకూ, కొంచెం పెంచు", "మైకూ, గీమంటాంది సూడు." పెంచేవాడు, తగ్గించేవాడు. జనం వెళ్ళిపోయాక మిగిలింది తిని అక్కడే పడుకునేవాడు. ఇంతమంది వచ్చిపోయే చోట కూడా ఒంటరితనం ఉంటుందని అతనికి అక్కడే తెలిసింది.

ఇప్పుడా పెట్టె మొండికేసింది. మౌలాలి ఛార్జరు గుచ్చాడు. కాసేపు చూసి పీకి బొత్తాం నొక్కాడు. వైరు మార్చి చూశాడు. ప్లగ్గు మార్చి చూశాడు. పూలబుట్ట దించడానికి వచ్చిన ఓబులమ్మ ఫోను ఛార్జరు అడిగి పుచ్చుకుని అదీ గుచ్చాడు. గుచ్చడం, పీకడం, నొక్కడం. దేనికీ ఉలుకూ పలుకూ లేదు.

కట్టెల డిపో రహమతుల్లా అప్పుడే మెట్లెక్కి వచ్చాడు. గట్టు బాగోగులన్నీ తానే చూస్తున్నానని ఆయన నమ్మకం. నిజానికి సగం చూస్తాడు కూడా.

"ఏం మైకూ, సచ్చిందా?"

"పలకడం లేదు సాబ్."

"పోనీలే. ఈ బొమ్మ డబ్బాతో ఎన్నాళ్ళని? వచ్చే వారం టౌను నుంచి పెద్ద సెట్టు తెప్పిస్తా. ఆపరేటరు గూడా వాళ్ళ మనిషే వస్తాడు. నీకు ఈ తిప్పలుండవు."

ఆయన మంచికే అన్నాడు. మౌలాలికి మాత్రం ఇక నీ అవసరం తీరిందని చెప్పినట్టే వినిపించింది. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా తన రెండు జతల బట్టలూ, ఖైరున్ వాడిన దుప్పటీ కలిపి మూట కట్టుకున్నాడు. ఎవరో పొమ్మనేదాకా ఉండటం దేనికి? రాత్రికి జనంతో పాటే దిగిపోవాలనుకున్నాడు. ఎక్కడికో మాత్రం తేల్చుకోలేదు. తాళం వేసిన ఆ ఇంటికి తప్ప వెళ్ళడానికి మరో చోటు లేదు.

సాయంత్రం తాత దగ్గరికి వెళ్ళి, తల వంచుకునే చెప్పాడు. "పెట్టె పలకడం లేదు తాతా."

"అట్లనా?" అన్నారు తాత. ఆయన చూపు గోడవారనున్న మూట మీదికి పోయి, వెనక్కి వచ్చింది.

పొద్దు గుంకి, మగ్రిబ్ నమాజు అయ్యాక జనం సర్దుకున్నారు. తాత తన చోట కూర్చుని మాట మొదలుపెట్టారు. పెదవులు కదులుతున్నాయి, వెనక వరసలకు ఏమీ అందడం లేదు.

"మైకూ! ఇనపడల్యా!"

"ఏమైందప్పా మైకూ, నిద్రపోతాండావా?"

మౌలాలి గూటి కింద ముడుచుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళ మైకు బతుకులో ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

తాత మాట ఆపారు. చేతికర్ర ఊతంగా లేచారు. జనం మధ్య నుంచి, ఒకరి భుజం పట్టుకుని, ఇంకొకరి మోకాలు దాటుకుని, మెల్లగా వెనక గోడ దాకా వచ్చారు. గూటి కింద ఆగారు.

"మౌలాలీ, రవ్వంత జరుగు."

మౌలాలి కంగారుగా లేవబోయాడు. తాత అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, ఆ చిరిగిన గోనెపట్టా మీదే పక్కన కూలబడ్డారు. ఆయాసం తీర్చుకుని, ఆపిన మాట దగ్గరి నుంచి మళ్ళీ అందుకున్నారు.

జనమంతా అటు తిరిగి కూర్చోవాల్సి వచ్చింది. పూలమ్ముకుని ఆలస్యంగా వచ్చి ఎప్పుడూ గోడకు ఆనుకునే ఓబులమ్మ ముందు వరసలో తేలింది. "ఇప్పుడు బాగా ఇనపడతాండాది తాతా" అంది చేతులు జోడించి. ఎప్పుడూ మొదటి వరసలో ఉండే రహమతుల్లా కడపటి వరసకు పోయాడు.

"నాకు ఇనపడల్యా తాతా! అందుకే చెప్తాండా, పెద్ద సెట్టు..."

"పెద్ద సెట్టెందుకప్పా, నువ్వు ముందుకు జరుగు" అన్నారు తాత.

ఆ మాట ఒకరి నుంచి ఒకరికి వెనక వరస దాకా పోయింది. అందరూ నవ్వారు, కాస్త ఆలస్యంగా రహమతుల్లా కూడా.

తాత ఆవేళ ఏం చెప్పారో మౌలాలి ఒక్క ముక్క వినలేదు. ఆయన భుజం తన భుజానికి ఆనుకుని ఉంది. ఖైరున్ పోయాక తన పక్కన ఒక మనిషి అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు. ఏడుపు ముంచుకొచ్చింది. ఎదురుగా ఇంతమంది తనవైపే చూస్తుంటే ఎట్లా ఏడవడం? తలపాగా కొసతో ముక్కు తుడుచుకున్నాడు.

జనం దిగిపోయారు. మౌలాలి వాళ్ళతో దిగలేదు. తాత ఇంకా గోనెపట్టా మీదే ఉంటే ఎలా దిగుతాడు?

"ఏదీ, ఆ పెట్టె ఇట్ల తే" అన్నారు తాత.

తెచ్చాడు. పెట్టెకు చుట్టూ పచ్చటి శాటిన్ తొడుగు, అంచుకు జరీ. మౌలాలే స్వయంగా కుట్టాడు. గూట్లో పెట్టె పక్కనే సాంబ్రాణి కుండ. పొద్దునా సాయంత్రం తప్పకుండా పొగ వేసేవాడు.

"దీనికేమైనా లైటు వెలగాల్నా?"

"ఛార్జింగ్ ఎక్కేటప్పుడు ఎర్ర లైటు వెలగాల తాతా."

"రోజూ వెలిగేదా?"

మౌలాలి తడుముకున్నాడు. "రోజూ గుచ్చేవాణ్ణి. లైటు... తొడుగు కింద పోతాది. కనపడదు."

"తొడుగెందుకు?"

"మీ మాట వచ్చే పెట్టె గదా."

తాత నవ్వారు. నెమ్మదిగా తొడుగు తీశారు. ఛార్జరు గుచ్చే రంధ్రాన్ని దీపానికి ఎదురుగా పట్టి చూపించారు. సాంబ్రాణి మసీ, బూడిదా కలిసి నిండా గడ్డకట్టి ఉంది. వైరు గుచ్చుకున్నట్టే ఉంటుంది, లోపలికి మాత్రం ఏమీ చేరదు. ఎన్ని రోజులుగా అట్లా ఉందో.

మౌలాలి నాలుక కరుచుకున్నాడు. పాత పళ్ళబ్రష్షు తెచ్చి, తడి తగలకుండా మెల్లగా గీకి, నోటితో ఊదబోయి మానుకుని, బట్ట కొసతో తుడిచాడు. ఛార్జరు గుచ్చాడు. లైటు రాలేదు. అలవాటుగా చెయ్యి మళ్ళీ వైరు మీదికి పోయింది.

"ఉండనీ" అన్నారు తాత. "బాగా అలిసిపోయినట్లుంది. వెంటనే పలకమంటే ఎట్ల?"

నిజమే. అడుగంటిన బ్యాటరీ లేవడానికి సమయం పడుతుందని మౌలాలికి తెలియనిది కాదు. ఎందరికో తనే చెప్పాడు. పగలంతా ఆ పెట్టెను కాసేపయినా కుదురుగా ఉండనిచ్చింది లేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పొద్దున లేచి చూస్తే ఎర్ర లైటు వెలుగుతోంది. బొత్తాం నొక్కితే టుంగుమంది.

సంబరపడాల్సింది పోయి మౌలాలి చతికిలబడ్డాడు. పెట్టె పలుకుతోందంటే తాత మళ్ళీ ముందుకు వెళ్ళిపోతారు. నిన్నటి భుజం ఇక ఉండదు. ఇంకొన్నాళ్ళు ఇది చచ్చే ఉంటే బాగుండునని ఒక పాడు ఆలోచన వచ్చింది. దాన్ని తల విదిలించి తరిమాడు. వెళ్ళి, చావు కబురు చెప్పే గొంతుతో చెప్పాడు.

"పలికింది తాతా."

"మంచిది" అన్నారు తాత.

వారమంతా గడిచింది. మూట మాత్రం విప్పలేదు, గోడవారనే ఉంది. మళ్ళీ గురువారం వచ్చింది. తొడుగు లేని పెట్టెను మౌలాలి గూట్లో పెట్టాడు. సాంబ్రాణి కుండను దూరంగా జరిపాడు. జనం ఎప్పటిలాగే ముందుకు తిరిగి కూర్చున్నారు. తాత తన చోటికి వెళ్ళారు. మౌలాలి తల వంచుకుని వచ్చి, కాలరుకు బుల్లి మైకు తగిలించి, వెనక్కి తిరిగాడు.

తాత అతని చొక్కా కొస పట్టుకున్నారు.

"యాడికి?"

"పెట్టె కాడికి తాతా."

"దీనికి తీగ లేదన్నావు గదా?"

"లేదు తాతా. యాడున్నా అందుకుంటాది."

తాత చొక్కా కొస వదల్లేదు. ఆ సన్నని గొంతు వెనక గోడ గూట్లోంచి, జనం వీపుల మీదుగా, ఊరంతటికీ వినపడేట్టు వచ్చింది.

"మరి ఇన్నాళ్ళూ అంత దూరం ఎందుకు కూచున్నావు మౌలాలీ?"