మదార్ ఉస్తాద్ మంచం

"ఇంక కాలే బిడ్డా," అన్నడు ఉస్తాద్. చాయ్ గ్లాసు కింద పెట్టి లోపలికి పోయిండు.

భిక్షపతి చేతిల గుడ్డ పట్టుకొని అట్లనే నిలబడ్డడు. "బండి పని అయినట్టేనా?" అని వారం నుంచి రోజూ అడుగుతున్నడు, రోజూ ఇదే జవాబు. ఏం కాలేదో మాత్రం ఉస్తాద్ చెప్పడు. గట్టిగ అడిగితే "నువ్వే చూడు" అంటడు.

నేను సీట్లు కుట్టే లచ్చవ్వను. బోయిన్‌పల్లిల బండ్లు బాగుచేసే మదార్ ఉస్తాద్ షెడ్డుల ఒక మూలకు నా మిషన్ ఉంటది. నాకు నోరెక్కువ అని అందరంటరు. అంటే అననియ్యి. ఆ వారమంత నాకు భిక్షపతి మీద జాలి, ఉస్తాద్ మీద కోపం. ఆ మాట ముందే చెప్తున్న.

ఆ బండి మిలిట్రీ ఫైరింజన్. వయసుల ఉస్తాద్ కంటె పెద్దది. ఎక్కడనో గోడ పక్కన ముండ్ల చెట్లల్ల పడి ఉంటే, కొంపల్లి దిక్కు పెద్ద హోటల్ కట్టిన చెన్నకేశవులు సేఠ్ వేలంల కొనుక్కొచ్చిండు. హోటల్ ముంగట నిలబెడితే వచ్చినోళ్లంత ఫోటోలు దిగుతరని ఆయన ఆశ. తెచ్చిన నాడు చూస్తే సీట్లల్ల ఎలుకలు, ట్యాంకుల తొండలు. "దీన్ని బాగుచేసుడా, బొంద పెట్టుడా?" అని నేనంటే ఉస్తాద్ నవ్విండు. "ముసల్దాన్ని అట్లనకు లచ్చవ్వా, ఇంటది," అన్నడు. పని మొత్తం భిక్షపతి చేతుల పెట్టిండు.

ఎంత చేసిండో నేను చూసిన. ఇంజన్ దించి, ఒక్కొక్క సామాను కిరసనాయిల్ల కడిగిండు. తుప్పు గీకి గీకి గోర్లు అరగ్గొట్టుకున్నడు. సొట్టపోయిన రేకులను కొట్టి సాపు చేసిండు. దొరకని సామాన్ల కోసం పాత ఇనుము దుకాణాలన్ని తిరిగిండు. ఇత్తడి గంటను చింతపండు పెట్టి తోముతుంటే "అరే, మీ ఇంట్ల బోళ్లు కూడ నువ్వే తోముతవా?" అని ఆట పట్టించిన. ఇంజన్ మొదటిసారి స్టార్టయిన నాడు షెడ్డుల అందరం చప్పట్లు కొట్టినం. ఉస్తాద్ అటు మల్లి కండ్లు తుడుచుకున్నడు.

సేఠ్ మొదట్లనే ఒక మాటన్నడు. "నీళ్లు గీళ్లు మనకెందుకు భిక్షపతీ, మెరిస్తె చాలు." సరే అన్నడు వీడు. పంపును లోపల ముట్టుకోలే, పైన రంగేసిండు. ట్యాంకు బొక్కలకు లప్పం పెట్టి దాని మీద కూడ రంగేసిండు. నీళ్లు ఇడిచే ఇత్తడి చక్రానికి మెరుపు పోకుండ వార్నిషు పూసిండు. కొత్త పైపును చక్కగ చుట్ట చుట్టి, ఫోటోలల్ల ఊడకుండ తీగతోని బిగగట్టిండు. అన్నీ ఉస్తాద్ కండ్ల ముంగటనే. ఆయన ఒక్క మాట అనలే. ఆ తర్వాత నీళ్ల ముచ్చట ఎవరికీ యాదికి రాలే.

మా పనోళ్ల కాడ ఒక పద్ధతి ఉంది. షాగిర్దు, అంటే శిష్యుడు, చేసిన పని చూసి, ఉస్తాద్ ఒప్పుకొని, తన చేత్తోని ఒక పానా ఇస్తడు. అప్పుడే వాడు సొంతంగ షెడ్డు పెట్టుకుంటడు. భిక్షపతి అల్వాల్ కాడ జాగ కిరాయికి తీసుకున్నడు. బోర్డు కూడ రాయించి బీరువా ఎనక పెట్టుకున్నడు. పానా లేకుండ పెట్టుకుంటే ఎవరన్న ఆపుతరా? ఆపరు. కానీ వాడికి తండ్రి లేడు. పని నేర్పిందీ ఉస్తాదే, పిల్లను చూడపోయిందీ ఉస్తాదే, వాడి బిడ్డకు పేరు పెట్టిందీ ఉస్తాదే. ఆయన ఊ అనకుంటే వీడికి అడుగు పడదు.

"కాలే" అన్నప్పుడల్ల వాడు మల్ల రంగు డబ్బా తీసేటోడు. ఎడమ తలుపు మీద ఒక కోటు. మడ్‌గార్డు మీద ఇంకో కోటు. గంటకు మల్ల చింతపండు. ఆఖరుకు టైర్లకు కూడ నల్ల పాలిష్ కొట్టిండు. ఉస్తాద్ వచ్చి చుట్టూ తిరిగి చూసుడు, "కాలే" అనుడు.

ఆ రోజు మధ్యాహ్నం వాడు అన్నం తినలే. షెడ్డు ఎనక ఉస్తాద్‌కు ఒక నులక మంచం ఉంది. తిన్నంక జరసేపు దాని మీద నడుం వాలుస్తడు. ఇంకొకరిని కూసోనియ్యడు, నన్ను కూడ. ఆయన పండుకోబోతుంటే భిక్షపతి పోయి ఎదురుంగ నిలబడ్డడు.

"నేను పోతే నీకు బాధ. ఆ మాట చెప్పు ఉస్తాద్. బండి మీద పెట్టకు," అన్నడు.

నేను మిషన్ ఆపిన. ఇప్పుడు ఇద్దరికి చెడిందిరా దేవుడా అనుకున్న.

ఉస్తాద్ వాడి దిక్కు చూసి, "బాధే," అన్నడు. "చాన బాధ. దానికి బండికి ఏం సంబంధం లేదు."

మంచం మీద తన టిఫిన్ డబ్బా ఉండె, సగం అన్నం తినకుండ ఉంచిండు. మూత తీసి వాడి చేతుల పెట్టిండు. "నువ్వు తినలేదంట. తిను," అని పండుకొని మొఖం మీద తువ్వాల కప్పుకున్నడు. వాడు ఆడనే నిలబడి తిన్నడు. ఏడుసుకుంట తిన్నడు. తినకుంటే ఉస్తాద్ లేవడని వాడికి తెల్సు.

తెల్లారి సేఠ్ బండిని తీస్కపోతనన్నడు. పూలదండ తెస్త, డ్రైవర్‌ను తెస్త అని ఫోన్ చేసి చెప్పిండు. భిక్షపతి కొత్త అంగీ వేసుకొచ్చి, ఫైరింజన్‌ను బయటి వాకిట్ల ఎండకు నిలబెట్టిండు. నిజం చెప్పాలె, దిష్టి తగిలేటట్టుంది.

"ఇప్పుడు చూడు ఉస్తాద్," అన్నడు.

ఉస్తాద్ షెడ్డు ఎనకకు పోయి, నులక మంచాన్ని ఈడ్చుకుంట వాకిట్లకు తెచ్చిండు. బండికి జర దూరంల వేసిండు. దాని మీద ఆయిల్ తుడిచిన పాత గుడ్డలు కుప్ప పోసిండు. ఎండకేస్తున్నడేమో అనుకున్న. జేబులకెళ్లి అగ్గిపెట్టె తీసిండు.

"ఓయ్ ఉస్తాద్! ఏం చేస్తున్నవ్!" అని నేను ఒర్రేలోపలనే అంటుకుంది. నులక కదా, భగ్గుమన్నది.

"అరే భిక్షపతీ, నా మంచం!" అన్నడు ఉస్తాద్.

భిక్షపతి ఒకటే ఉరుకుడు. మంట దిక్కు రెండడుగులేసి, మల్ల ఎనకకు తిరిగి, ఫైరింజన్ చుట్టు తిరిగి, షెడ్డు ఎనక నల్లా కాడికి ఉరికిండు. బకెట్ నిండేదాక ఆగలేక సగం బకెట్‌తోనే వచ్చిండు. పోసిండు. మల్ల ఫైరింజన్ చుట్టు తిరిగి ఉరికిండు, మల్ల తెచ్చిండు. నేను తట్టతోని ఇసుక ఎత్తి పోసిన. వాడి కొత్త అంగీ అంత మసి. మంట ఆరేసరికి మంచం కోళ్లు, సగం పట్టెలు మిగిలినయి. నులక మొత్తం బూడిద.

భిక్షపతి బకెట్ ఇసిరికొట్టిండు.

"పిచ్చి లేసిందా నీకు? ఏడ పండుకుంటవ్ ఇప్పుడు? నడుము నొప్పి మనిషివి, నేల మీద పండుకుంటవా?" అని ఒర్రిండు. ఉస్తాద్ చేతులు పట్టుకొని తిప్పి తిప్పి చూసిండు, కాలినయా అని.

"నాకేం కాలే," అన్నడు ఉస్తాద్. "బకెట్ ఏడికెళ్లి తెచ్చినవ్?"

"నల్లా కాడికెళ్లి."

"ఎటునుంచి పోయినవ్?"

భిక్షపతి చెయ్యి లేపి చూపించబోయిండు. ఆ చెయ్యి సగంలనే ఆగింది.

ముంగట ఫైరింజన్ ఉంది. ఎర్రగ, తళతళ మెరుస్తున్నది. వాడు దాన్ని చూసుకుంట దగ్గరికి పోయి, తీగతోని బిగగట్టిన పైపు మీద చెయ్యి పెట్టిండు. నేను కూడ చూసిన.

అంతల సేఠ్ కారు దిగిండు. చేతిల పూలదండ. మంచం చూసి, మసి చూసి, "ఏమయింది?" అన్నడు. మల్ల బండిని చూడంగనే మొఖం ఎలిగిపోయింది. "శభాష్ భిక్షపతీ! ఇంకేంది, తీస్కపోదమా?"

"బండి ఇయ్యాల రాదు సేఠ్," అన్నడు భిక్షపతి.

"ఏమాయె? బ్రహ్మాండంగుంది కదా!"

"ట్యాంకు విప్పాలె. పంపు దించాలె. నాకు ఇంకొన్ని దినాలు కావాలె."

"నీళ్లొద్దని నేనే చెప్పిన కదయ్యా!"

"నువ్వు చెప్పినవ్ సేఠ్," అన్నడు వాడు మెల్లగ. "నేను ఇనొద్దుండె."

సేఠ్ ఉస్తాద్ దిక్కు చూసిండు. ఉస్తాద్ ఆకాశం దిక్కు చూసిండు. సేఠ్‌కు కోపమొచ్చింది. జరసేపు గొణిగిండు, ఇంకో షెడ్డు చూసుకుంటనన్నడు, చూసుకోలే. పోతపోత పూలదండ నా మిషన్ మీద పెట్టిపోయిండు. నాకెందుకో ఆ దండ!

భిక్షపతి కొత్త అంగీ విప్పి పక్కన పడేసిండు. పైపు మీది తీగ తెంపిండు. ఇత్తడి చక్రం తిప్పబోతే రాలే, వార్నిషు పట్టుకుంది. గోరుతోని గీకిండు, అయిన రాలే. సుత్తె, ఉలి తెచ్చుకొని, తను అంత ముద్దుగ పూసిన మెరుపు మీద తనే దెబ్బ వేసిండు. "అయ్యో, పాడైతది రా!" అన్న. వాడు మాత్రం ఆగలే. తర్వాత బండి కిందికి దూరిండు.

ఉస్తాద్ బండి పక్కన నేల మీదనే కూసున్నడు. వాడు చెయ్యి బయట పెట్టినప్పుడల్ల ఏ సామాను కావాల్నో అడగకుండనే అందిస్తున్నడు.

చానసేపటికి బండి కిందికెళ్లి భిక్షపతి గొంతు ఇనవడ్డది.

"ఉస్తాద్, మధ్యాహ్నం ఏడ పండుకుంటవ్?"

"నువ్వు ఈ బండితోని నీళ్లు కొట్టేదాక నాకు నిద్రెక్కడిది రా," అన్నడు ఉస్తాద్.