ఎండిపోయిన ఊట

అడిగినదానికి సూటిగా జవాబు చెప్పడం అనంతపద్మనాభం గారికి అలవాటు లేదు. నీటిపారుదల శాఖలో ముప్పై అయిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాక, ఇంటి వరండాలో కూర్చోబెట్టి కుర్ర ఇంజనీర్లకు చదువు చెప్పేవారు. మేమంతా ఆయన్ని మాస్టారనే వాళ్ళం. లెక్క తప్పితే వెంటనే దిద్దేవారు గానీ, బతుకు గురించి అడిగితే మాత్రం ఏదో జరిగిన సంగతి చెప్పి ఊరుకునేవారు. ఆ తర్వాత తలలు పట్టుకోవడం మా వంతు.

ఆయన దగ్గర చదివినవాళ్ళలో వకుళ మా అందరికన్నా చురుకైనది. మొదటి ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి ఆ రోజు వచ్చింది గానీ, మొహంలో కళ లేదు.

"దేశంలో నదులన్నిటినీ ఒక్కచోట కూర్చుని కంప్యూటర్లో చూసుకునే రోజులొస్తున్నాయి మాస్టారూ. నా తోటివాళ్ళంతా ఆ పనికే వెళ్తున్నారు. నన్నేమో సీమలో అరవయ్యేళ్ళనాటి డ్యాం మీద పడేశారు, సోమవారమే చేరాలట. చుట్టుపక్కల మనిషన్నవాడు కనపడడట. ముందుముందు అలాంటి చోట్లకి ఏం విలువుంటుంది? చేరకుండానే రాజీనామా ఇచ్చేద్దామనుకుంటున్నాను."

మాస్టారు, అదే డ్యాం మీద తను చిన్న ఇంజనీరుగా ఉన్నప్పటి సంగతి ఎత్తుకున్నారు.

డ్యాం కడుపులో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక సొరంగం ఉంటుంది. గ్యాలరీ అంటారు. పునాది కింద చేరే ఊటనీరు అక్కడి గొట్టాల్లోంచి బయటికి కారాలి. ఏ గొట్టంలోంచి ఎంత కారుతోందో రోజూ ఒక మనిషి చెంబూ గడియారం పట్టుకుని కొలిచి రాయాలి. అప్పట్లో ఆ పని దస్తగిరిది. పొద్దున దిగితే మళ్ళీ సాయంత్రమే పైకి రావడం. పలకరించే దిక్కు లేక, రాసుకున్న అంకెల్నే గట్టిగా చదువుకునేవాడట, మనిషి గొంతు వినపడుతుందని. పైకి వచ్చాక కూడా అతనికి మాట తొందరగా పెగిలేది కాదు.

ఒక ఏడు ఊట తగ్గుతూ తగ్గుతూ వచ్చి, నడిమి గొట్టాలు పూర్తిగా ఎండిపోయాయి. ఆఫీసులో అందరికీ పండగే. లీకు దానంతటదే మానిందని పై అధికారులకు ఉత్సాహంగా రాసింది మాస్టారే. ఇక కొలవడానికి ఏముందని దస్తగిరిని గెస్టుహౌస్‌కి మార్చారు. అక్కడ వెలుతురుంది, వచ్చేపోయే జనం ఉన్నారు, వంటవాడితో కబుర్లున్నాయి. పాపం, పన్నెండేళ్ళుగా అతను మొరపెట్టుకుంటున్నది దానికోసమే.

ఆర్డరు చేతికిస్తే అతను తీసుకోలేదు.

"పైన డ్యాం నిండుగా ఉండాది గదా సార్. మరి కింద ఊట యాడికి పాయ?" అన్నాడు.

మాస్టారు ఆర్డరు మడిచి జేబులో పెట్టేసుకున్నారు. మర్నాడే మనుషుల్ని దింపి గొట్టాలు తెరిపిస్తే, లోపల డ్యాం గోడలోంచి కరిగొచ్చిన సున్నం పేరుకుని రాయిలా బిగిసిపోయి ఉంది. దారి దొరకని నీరంతా పునాది కింద నిలిచి డ్యాంని పైకి నెడుతోంది. మొదటి గొట్టం తెరుచుకోగానే నీళ్ళు దస్తగిరి ఛాతీ మీదికి చిమ్మాయి. దిగువన ఉన్న పదకొండు ఊళ్ళూ ఆ రోజు ఎప్పటిలాగే వండుకుని తిన్నాయి.

"పాపం, ఆ తర్వాతైనా ఆయన్ని గెస్టుహౌస్‌కి పంపారా?" అంది వకుళ.

"లేదమ్మా. అంత నమ్మకమైన మనిషి మళ్ళీ దొరకడని, రిటైరయ్యేదాకా ఆ చీకట్లోనే ఉంచేశాం. ఆ ఆర్డరు రద్దు చేస్తూ సంతకం పెట్టింది నేనే."

మాస్టారు కళ్ళు తుడుచుకోవడం మేం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఏం చెయ్యాలో తోచక తలా ఒక దిక్కు చూశాం.

వకుళే అడిగింది. "ఇప్పుడక్కడ ఎవరున్నారు మాస్టారూ?"

"ఎవరూ లేరు. గొట్టాలకి మీటర్లు పెట్టారు. రెండేళ్ళుగా అన్నీ సున్నా చూపిస్తున్నాయట. లీకు లేదని అందరూ సంతోషంగా ఉన్నారు. నేను మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు."

మాస్టారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"నువ్వు చేరాల్సింది సోమవారమేనా అమ్మా?"