పొన్న దాటిన గండి

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త ఓబులమ్మ. బతికినన్నాళ్ళూ మేకలు కాసిన మనిషి. మా పెదనాన్న కొడుకు చెన్నప్ప దీన్ని తన కథ అని చెప్పుకుంటున్నాడు, అదీ తప్పుగా. ఉన్నది ఉన్నట్టు నేను చెబుతాను. పిల్లలు మధ్యలో లేవకుండా వినాలి.

ఎర్రగట్టు అడవిలో చుక్కల దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు, రేచుకుక్కలు ఉండేవి. అడవి నడుమ ఒక లోతైన వాగు. ఎగువన సన్నగా ఉండి, అడుగున మెత్తని ఇసుక ఉంటుంది. దిగువకు పోయేకొద్దీ వెడల్పు. చివర గండి దగ్గర అడుగంతా బండలే.

ఎండాకాలం రాగానే రేచుకుక్కలు గుంపు కట్టి వేటకు వచ్చేవి. సగం కుక్కలు తరిమేవి, సగం ఎగువన సన్నచోట కాపు కాసేవి. అందుకని దుప్పులు గండి దగ్గరే దూకాలి. అంత వెడల్పు కుక్కలు దూకలేవు. అవి చుట్టు తిరిగి వచ్చేలోగా మంద కొండ ఎక్కేసేది.

ఒక ఎండాకాలం పొన్న అనే చిన్న దుప్పి ముళ్ళపొదలో నక్కి బతికింది. దాని అక్క గండి అంచున ఆగిపోయింది. మళ్ళీ కనబడలేదు.

వానలు తగ్గాక పొన్న మందలోని ముసలి దుప్పి దగ్గరికి పోయింది. దానికి చూపు ఆనదు. చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి.

“తాతా, వచ్చే ఎండలకు నేను గండి దాటాలి.”

“దాటుదువులే. ముందు ఎగువకు పద,” అంది ముసలి దుప్పి.

అది పెట్టిన కట్టుబాటు ఇది. సన్నచోట మొదలుపెట్టాలి. దిగినప్పుడు కాళ్ళ కింద రాయి కదిలిన చప్పుడు రాకూడదు. మర్నాడు కుంటకుండా నడిచి రావాలి. రెండూ కుదిరితే జానెడు దిగువకు జరగాలి. కుదరకపోతే ఆ చోటే మళ్ళీ.

ఒకచోట పొన్నకు బాగా అలవాటైంది. హాయిగా ఉందని అక్కడే దూకుతూ ఉండిపోయింది. ముసలి దుప్పి ఊరుకోలేదు. నిద్రలో కూడా దూకగలిగిన చోట దూకితే కాళ్ళకు కొత్త బలం ఎక్కడిదని మందలించి, దిగువకు జరిపింది. ఇంకోసారి పొన్న ఆత్రపడి ఒకేసారి చాలా కిందికి పోయి దూకింది. ఇసుకలో పడింది కాబట్టి ముందరి కాలు వాచి ఊరుకుంది. వాపు తీసేదాకా ముసలి దుప్పి దాన్ని దూకనివ్వలేదు. తీశాక కూడా వెనకటి చోటికే పంపింది. పొన్న అలిగింది. అలిగినా పోయింది.

అదే మందలో జెట్టి అనే కుర్ర మగదుప్పి ఉంది. కొమ్ములు కొత్తగా వచ్చాయి. వాటిని చూసుకోవడమే దాని పని.

“పొన్నా, నువ్వు జానెడు జానెడు జరుగుతూ గండికి వచ్చేసరికి నీకు మనవలు పుడతారు,” అంది జెట్టి.

“పుట్టనీ. వాళ్ళకూ నేర్పుతాను,” అంది పొన్న.

మంద నవ్వింది. జెట్టికి అది గుచ్చుకుంది. మర్నాడే, ఏ సాధనా లేకుండా, అందరినీ పిలిచి తిన్నగా గండి దగ్గర దూకింది. దాటింది కూడా. దాటలేదని నేను అనను. మందంతా మెచ్చుకుని ఆ చోటికి జెట్టి గండి అని పేరు పెట్టింది. కాని దిగేటప్పుడు దాని వెనక కాలు బండ మీద మడతపడింది. ఆ చప్పుడు ముసలి దుప్పి ఒక్కటే వింది.

“కాలు బెణికింది నాయనా. కొన్నాళ్ళు దూకకుండా మేత మేసి పడుకో,” అంది.

“నీకు చెవులు కూడా పోయాయి తాతా,” అంది జెట్టి.

వచ్చిన పేరు నిలబెట్టుకోవాలని ఆ కాలితోనే రోజూ రాళ్ళ మీద గెంతింది. నొప్పి సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఎండలు ముదిరేసరికి పొన్న జానెడు జానెడు జరుగుతూ గండి దాకా వచ్చింది. దూకలేని ముసలివి ముందుగానే ఎగువన దాటి, గండికి అవతల మేస్తున్నాయి. ఒక పొద్దున రేచుకుక్కలు వచ్చిపడ్డాయి. మంద గండి వైపు పరుగు తీసింది. ఒక్కో దుప్పి దూకుతుంటే రాళ్ళు గలగలా జారాయి. నడుమ ఒకసారి మాత్రం మెత్తగా ఒక్క చప్పుడు వచ్చింది.

“పొన్న వచ్చేసింది,” అంది ముసలి దుప్పి, తల తిప్పకుండానే.

జెట్టి అంచు దాకా వచ్చింది. వెనక కాలు ఊనలేకపోయింది. మళ్ళీ కనబడలేదు.

చెన్నప్ప చెప్పే కథలో జెట్టి మందను కాపాడుతుంది. అది ఉత్తమాట. జెట్టి దూకింది ఒక్కనాడు, మెప్పు కోసం. దూకవలసిన నాడు దూకింది పొన్న. అయినా ఆ చోటును ఇప్పటికీ జెట్టి గండి అనే అంటున్నారు.

నీతి: ఒంటికి కొద్దికొద్దిగా కష్టం పెంచాలి, నొప్పి పుడితే ఆగాలి, అలా వచ్చిన బలమే అవసరానికి ఆదుకుంటుంది. ఇది విన్నవాళ్ళు ఎవరైనా సరే, ఆ పేరు మార్చి పొన్న గండి అని పిలవండి.