ఇప్పపూల కింద తొలి వేట

పోలయ చేతులు వణుకుతున్నాయి. అదే అతని బాధ.

మామూలు చేతులు కావవి. సముద్రం ఒడ్డున అతని ఊళ్ళో, తాటిమట్టకు దారం కట్టి నిమ్మకాయ వేలాడదీస్తే, గాలికి ఊగుతున్న కాయను ఊగుతుండగానే కొట్టేవాడు. ఏటా జాతరలో విలుకాళ్ళ పందెం అతనిదే. ఆ యేడు గెలిచాక నలుగురిలో నిలబడి, "ఇంత చిన్న కాయనే కొట్టేవాడికి అంతేసి దుప్పి ఓ లెక్కా?" అన్నాడు.

కొండ తేనె అమ్ముకోవడానికి వచ్చిన ఒక ముసలి చెంచు ఆ జనంలో ఉన్నాడు. పేరు బయ్యన్న. ఆ మాట విని నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు.

"నిమ్మకాయ నిన్ను తిరిగి చూడదు గదా, నాయనా" అన్నాడు.

మాట ముల్లులా దిగింది. రెండు రోజులు పోలయకు అన్నం సయించలేదు. మూడోనాడు తల్లి కాళ్ళకు దండం పెట్టి, విల్లు భుజాన వేసుకుని ఆ ముసలాయన వెంట నడిచాడు. తొమ్మిది రోజుల నడక. నాలుగోనాటికే గాలిలో ఉప్పు వాసన పోయింది. తొమ్మిదోనాటికి నల్లమల లోపల, ఏడు గుడిసెల పల్లె చేరారు. చెంచులు తమ పల్లెను పెంట అంటారు. అక్కడే బయ్యన్న గుడిసె పక్కన పోలయ ఇంకో గుడిసె వేసుకున్నాడు.

నాలుగు నెలలు నడక నేర్చుకున్నాడు. ఎండుటాకు చప్పుడు కాకుండా అడుగు వెయ్యడం, గాలి ఎటు వీస్తుందో చూసుకుని కూర్చోవడం నేర్చుకున్నాడు. ఆ తర్వాతే బయ్యన్న విల్లు పట్టనిచ్చాడు. మూడుసార్లు దుప్పి ఎదురుపడింది. మూడుసార్లూ అది తలెత్తి చూసింది. చూడగానే పోలయ చేతులు వణికాయి. బాణం వింట్లోనే ఉండిపోయింది.

మూడోసారి ఉండబట్టలేక అడిగేశాడు.

"తాతా, ఈ వణుకు పోవడానికి మీ అడవిలో ఏ వేరూ లేదా? మంత్రమైనా సరే. చెప్పు, నేర్చుకుంటా."

బయ్యన్న బాణపు కర్రను గాజుపెంకుతో నున్నగా గీకుతున్నాడు. తలెత్తలేదు. "చూద్దాంలే" అన్నాడు.

ఆ యేడు వానలు మొహం చాటేశాయి. చైత్రం వచ్చేసరికి నేలలో గడ్డలు అయిపోయాయి. తేనెపట్లు ఎండిపోయాయి. కాళ్ళల్లో సత్తువ ఉన్న మగవాళ్ళు గడ్డలు వెతుక్కుంటూ కొండ అవతలికి పోయారు, ఇంకా తిరిగి రాలేదు. పెంటలో మిగిలింది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పోలయ. వాళ్ళలో బయ్యన్న మనవరాలు ఈరి పదిరోజుల బాలింత. ఇప్పపూలు ఉడకబెట్టుకు తిని బతుకుతున్న ఆ పిల్లకు పాలు ఇంకిపోయాయి. పసిగుడ్డు ఏడ్చి ఏడ్చి, ఆ ఏడుపు కూడా సన్నగిల్లింది.

ఆ సాయంత్రం బయ్యన్న పోలయ గుడిసె ముందుకొచ్చి కూర్చున్నాడు.

"నా కళ్ళల్లో పూలు పడ్డయిరా. ముప్పై అడుగులు దాటితే నాకు చెట్టూ దుప్పీ ఒకటే. రేపు నువ్వే కొట్టాల."

"నా చేతులు..."

"ఎరుకే" అని లేచి వెళ్ళిపోయాడు ముసలాయన.

తెల్లవారుజామున ఇద్దరూ ఒక ఇప్పచెట్టుకు ఎదురుగా, పొద మాటున కూర్చున్నారు. రాలిన పూలతో చెట్టు కింద నేలంతా తెల్లగా ఉంది. తియ్యటి మత్తు వాసన. ఆ పూలకోసం దుప్పులు వస్తాయి. వచ్చేదాకా కదలకూడదు. పోలయ వేళ్ళు అప్పుడే అదరడం మొదలెట్టాయి.

బయ్యన్న చెవి దగ్గరకు వంగి గుసగుసగా అడిగాడు. "మీ సముద్రం ఎట్లుంటది పొద్దున్నే? నేను పట్టపగలే చూసిన."

ఇప్పుడా ఈ మాట అనుకున్నాడు పోలయ. అయినా చెప్పాడు. పొద్దు పొడిచే ముందు నీళ్ళు బూడిదరంగులో ఉంటాయని, ఊరంతా నిద్రపోతున్నా అల మాత్రం వచ్చి పోతూనే ఉంటుందని, పడవలు వెళ్ళేటప్పుడు అమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తుందని. చెబుతుంటే అతని ఊపిరి నెమ్మదించింది.

"అన్ని నీళ్ళుండి తాగను పనికిరావు. పాపం" అన్నాడు బయ్యన్న.

పోలయకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుంటూ చూసేసరికి చెట్టు కింద దుప్పులున్నాయి.

రెండు పెంటిదుప్పులు, ఒక పిల్ల. వాటికి కాస్త ఎడంగా కొమ్ముల పోతు. ఒంటినిండా తెల్లచుక్కలు, వాటిమీద రాలి అతుక్కున్న రెండు మూడు పూలు. పోలయ విల్లు లాగాడు. పోతు తలెత్తింది. చూసింది.

చేతులు వణికాయి.

"వణకనీ" అన్నాడు బయ్యన్న, ఊపిరంత మెల్లగా. "జబ్బ వెనక చూడు."

బాణం వెళ్ళింది. ధప్పుమని తగిలింది. దుప్పులన్నీ ఒక్క ఉదుటున మాయమయ్యాయి. పోలయ పరుగెత్తబోతే ముసలాయన పంచె పట్టి కూర్చోబెట్టాడు.

"తరిమితే భయంతో ఎంత దూరమైనా పోతది. పోనీ. దగ్గర్ల ఎక్కడో పండుకుంటది."

పొద్దు బారెడెక్కేదాకా కూర్చున్నారు. అంతకన్నా పొడుగాటి పొద్దు పోలయ ఎరగడు. ఆ తర్వాత జాడ పట్టారు. నెత్తుటి చుక్కలు బయ్యన్నకు కనిపించవు. పోలయ చూసి చెబుతాడు, ముసలాయన వంగి ఆకును వేళ్ళతో తడిమి, "ఇటు" అంటాడు. ఒకరి కళ్ళు, ఒకరి చేతులు. అలా ఒక వాగు దాటారు, ఒక గుట్ట ఎక్కారు. గుట్ట మీద రాతినేల. అక్కడ చుక్కలు ఆగిపోయాయి.

ఎండ మాడ్చేస్తోంది. పోలయ చుట్టూ తిరిగి తిరిగి వచ్చి చతికిలబడ్డాడు.

"పోయింది తాతా. ఇంకోదాన్ని చూసుకుందాం. అక్కడ ఈరి ఆకలితో ఉంది."

బయ్యన్న ఆఖరి చుక్క పక్కన ఒక రాయి పెట్టాడు.

"ఇంకోదానికి నువ్వు బాణం ఎయ్యలే" అన్నాడు.

పోలయ తలొంచుకున్నాడు. కాసేపటికి లేచి, ఆ రాయి చుట్టూ ఈసారి మోకాళ్ళ మీద పాకుతూ, గడ్డిపరక గడ్డిపరకా వెతికాడు. మోకాళ్ళు చీరుకుపోయాయి. చాలాసేపటికి ఒక ఎండుగడ్డి దుబ్బు మొదట్లో నల్లబడిన చుక్క ఒకటి దొరికింది. అక్కణ్ణుంచి దారి కిందికి, ఎండిన వాగులోకి దిగింది.

దుప్పి అక్కడ పడుకుని ఉంది. బాణం గురిపెట్టిన చోటికి జానెడు వెనగ్గా దిగింది. ఇంకా ఊపిరి ఉంది. వాళ్ళను చూసి తల ఎత్తబోయింది, ఎత్తలేకపోయింది.

బయ్యన్న మెల్లగా పోయి దాని తల దగ్గర కూర్చున్నాడు. ఒక చెయ్యి కొమ్ముల మొదట్లో వేశాడు. ఇంకో అరచేత్తో దాని కన్ను మూశాడు. నిద్దరపోని పిల్లకు తల్లి మూసినట్టు. దాని చెవిలో ఏదో చెప్పాడు. పోలయకు వినపడలేదు. అది అతనికి చెప్పిన మాట కాదు.

తర్వాత మొలలోని కత్తి తీసి పోలయకు అందించాడు.

పోలయ చెయ్యవలసింది చేశాడు. చేసేటప్పుడు చెయ్యి వణికింది. అయినా చేశాడు. ముసలాయన అరచెయ్యి ఆ కన్ను మీంచి చాలాసేపు తియ్యలేదు.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి దాన్ని కోశారు. కాలేయంలో చిన్నముక్క మోదుగాకు మీద పెట్టి, బయ్యన్న అడవితల్లి గారెల మైసమ్మను తలుచుకుని పక్కన రాతిమీద ఉంచాడు. "నీ బిడ్డనే తీసుకున్నం. మా బిడ్డ కోసం" అన్నాడు. అంతే మొక్కు.

ఆ మాట దగ్గర పోలయకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని చూశాడు. జాతరలో గెలిచిన వాడు, తొమ్మిది రోజులు నడిచొచ్చిన వాడు, ఎండిన వాగు ఇసుకలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఏడుపు తెరిపినిచ్చాక సిగ్గుగా మొహం తుడుచుకుని అడిగాడు.

"తాతా, ఇన్నేళ్ళుగా వేటాడుతున్నావు. ఎన్ని వేటలకు పోతుంది ఈ వణుకు?"

బయ్యన్న పోలయ చెయ్యి పట్టుకుని, నెత్తురంటిన చెయ్యిని అలాగే తీసుకుని, తన బోసి రొమ్ము మీద పెట్టుకున్నాడు.

డెబ్బై ఏళ్ళ ఎముకల గూడు. దాని లోపల గుండె ఎగిరెగిరి పడుతోంది, వలలో పడ్డ పిట్టలాగా.

పోలయ ఆ ముసలి మొహంలోకి చూశాడు. పూలు పడ్డ ఆ కళ్ళ కింద రెండు చారలు, దుమ్ములో తడిగా మెరుస్తున్నాయి. ఎప్పటినుంచి ఉన్నాయో! పొద్దుటినుంచి పక్కనే ఉండీ అతను చూడలేదు.

చెయ్యి తీసుకోవాలనిపించలేదు.

చివరికి ముసలాయన మోకాళ్ళ మీద చేతులానించి లేచాడు. మాంసం మూటను పోలయ భుజానికెత్తి, దానిమీద ఒకసారి చెయ్యి వేసి సర్దాడు.

"పద నాయనా" అన్నాడు. "ఈరికి వేడివేడిగా చారు కాయాల."