నక్క భూషణం చీపురు వ్యాపారం

చింతలగట్టు మీద బొరియలూ గుహలూ అన్నీ ఎలుగుబంటి గంగులువే. అతని హద్దులో ఎవరూ ఎవర్నీ తినకూడదు. అంతవరకు బాగానే ఉంది. అసలు తంటా రెండో కట్టడితో వచ్చింది. వానలకు ముందు కింది బొరియ ఖాళీ చేసి పై గుహకు మారేవాళ్ళు పాతదాన్ని శుభ్రం చేసి వెళ్ళాలి. గంగులు చూడ్డానికి వచ్చేసరికి లోపల ఎవరుంటే పూచీ వాళ్ళది. ఎవరూ లేకపోతే ఖాళీ చేసినవాళ్ళది. చెత్త కనిపించిందా, పై గుహ లేదు, వానలో తడవాల్సిందే.

ఇక్కడే నక్క భూషణానికి బుర్ర వెలిగింది. అతని అసలు పని కింది బొరియలకూ పై గుహలకూ మధ్య పారే వాగులో పీతలు పట్టుకోవడం. అందులో ఒళ్ళు వంచాలి, పైగా పీతలు ముక్కు పట్టుకుంటాయి. అందుకని పక్కన ఇంకో వ్యాపారం మొదలుపెట్టాడు. ఖాళీ చేసేవాళ్ళ బొరియలు ఊడ్చి, బూజు దులిపి, అలికి పెడతాడట. కూలి మాత్రం ముందే తినేస్తాడు. మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు అన్న సామెత ఇతన్ని చూసే పుట్టిందేమో.

మొదట బేరం కుదిరింది ఏదుపంది వీరాసామితో. భూషణం అతని దుంపలన్నీ తిని మూతి తుడుచుకున్నాడు. ఊరు వెళ్ళేవాళ్ళ వెనకాలే ఇల్లు ఊడిస్తే అరిష్టమనీ, తమరు వాగు దాటాక తీరిగ్గా ఊడుస్తాననీ నమ్మబలికాడు. వీరాసామి వాగు దాటాడు. భూషణం మాత్రం చీపురు పట్టకుండానే తన దారిన జారుకున్నాడు. చెత్త చూసి గంగులు పై గుహ ఇవ్వలేదు, పాపం వీరాసామి ఇప్పటికీ బండరాయి కింద తల దాచుకుంటున్నాడు.

తర్వాత కుందేలు చిట్టెమ్మ వంతు వచ్చింది. పచ్చి బాలింత, కళ్ళు తెరవని పిల్లలు ముగ్గురు, నడుము వంగదు. ఆకాశం చూస్తే నల్లగా కమ్ముకొస్తోంది. వీరాసామి సంగతి ఆమెకు తెలుసు. పిల్లలు తడిస్తే బతకరన్న బెంగతోనే చిలగడదుంపల బుట్ట తెచ్చి భూషణం ముందు పెట్టింది. భూషణం మళ్ళీ అదే పాట పాడాడు, ముందు వాగు దాటి వెళ్ళమని.

"నిజమే అన్నయ్యా, ఆచారం తప్పితే ఎలా?" అంది చిట్టెమ్మ. "మా వైపు ఇంకోటుంది. ఇల్లు శూన్యంగా వదిలి వెళ్ళకూడదు. మేం వాగు దాటేదాకా ఒకరు లోపల కూర్చుని కడుపునిండా తినాలి. నువ్వు తప్ప నాకెవరున్నారు?"

ఇలాంటి ఆచారం ఇంటింటికీ ఉంటే ఎంత బాగుండు అనుకున్నాడు భూషణం. లోపలికి దూరి, బుట్ట ఖాళీ చేసి, చెత్త మీదే కాళ్ళు చాపాడు. కాసేపట్లో గురక మొదలైంది.

చిట్టెమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని వాగు దాటించింది. నేరుగా గంగులు దగ్గరికి వెళ్ళి, ఇల్లు భూషణం అన్నయ్యకు అప్పజెప్పాననీ, లోపలే ఉన్నాడనీ, ఎప్పుడైనా చూసుకోవచ్చనీ చెప్పింది.

తుంపర మొదలయ్యే వేళకు గంగులు వచ్చి బొరియలోకి తొంగిచూశాడు. బూజు, ఎండుగడ్డి, దుంప తొక్కలు, నడుమ భూషణం.

"ఏరా, ఈ ఇంట్లో ఎప్పుడు దిగావు?"

భూషణం ఉలిక్కిపడి లేచాడు. "ఇది నాది కాదు బాబాయ్, చిట్టెమ్మది."

"చిట్టెమ్మ పై గుహలో పిల్లలకు పాలిస్తోంది. లోపలున్నది నువ్వు. ఊడ్చు."

"ఇప్పుడే ఎవరో తుమ్మారు బాబాయ్. ఈ వేళప్పుడు చీపురు పడితే..."

"తుమ్మింది నేనే. పట్టు."

పట్టడానికి చీపురేదీ? ఇన్నాళ్ళ వ్యాపారంలో భూషణం చీపురన్నదే కొనలేదు. గంగులు బొరియ మూతికి అడ్డంగా కూర్చున్నాడు. ఇక చేసేదేముంది, మురిపెంగా పెంచుకున్న తోకతోనే మూలమూలా ఊడ్చి, ముక్కుతో బూజు దులిపి, పాదాలతో అలికాడు. అయిందనిపించుకుని బయటికి వచ్చేసరికి వీరాసామి ఎదురొచ్చి, కూలి తిన్నా తన బొరియ కూడా ఇంకా ఊడ్వకుండా అలాగే ఉందని ఎంతో మర్యాదగా గుర్తుచేశాడు. గంగులు లేచి అటు దారి తీశాడు, భూషణాన్ని ముందు నడిపించుకుంటూ.

పని ఎగ్గొట్టడానికి ఒక ఆచారాన్ని అడ్డం పెట్టుకుంటే, ఆ పని చేయించడానికి ఇంకో ఆచారం ఎదురొస్తుంది.